నా చేతి తొలి చుక్క

రిటైరైన నర్సు కనబడితే కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు అడిగే ప్రశ్న ఒకటే. "మేడం, మీ సర్వీసులో మీరు గర్వపడే కేసు ఒకటి చెప్పండి." చెప్పడానికి నా దగ్గర బోలెడున్నాయి. కాళ్ళు ముందొచ్చిన కాన్పులు, వరదలో పడవ మీద చేసిన కాన్పు, డాక్టరు ఊళ్ళో లేనప్పుడు నిలబెట్టిన ప్రాణాలు. ఏ నర్సును కదిలించినా ఇవే చెబుతుంది, కాస్త ఉప్పూకారం ఎక్కువేసి. నేను సిగ్గుపడే కేసు ఏదని మాత్రం ఎవరూ అడగరు. అందుకని అడక్కుండానే చెబుతున్నాను. మీకు పనికొచ్చేది అదే.

చిట్టమూరు దాటి పులికాట్ సరస్సు వైపు పోయే దారిలో ఉండేది మా ఆసుపత్రి. ఆసుపత్రి అన్నానని పెద్దగా ఊహించుకోకండి. ఒక కాన్పుల గది, దాని పక్కన నాలుగు మంచాలు, వాన పడితే కారే వరండా. డాక్టరుగారు చిన్న వయసువాడు, మంచివాడు, వారంలో సగం రోజులు మీటింగులకే పోయేవాడు. మిగతాదంతా నేను, మా ఆయా. చుట్టుపక్కల చేపల వేట మీద బతికే ఊళ్ళన్నిటికీ కాన్పంటే మా దగ్గరే. ఇంకో దారి కావాలంటే నాయుడుపేట పోవాలి. నొప్పులు పడుతున్న మనిషిని ఆ గుంతల రోడ్డు మీద ఆటోలో తీసుకుపోవడం ఎంత మాటో మీకు తెలుసు.

నా నోరు మంచిది కాదు. దాచుకునేదేమీ లేదు. బల్ల మీద అరిచే ఆడవాళ్ళను అరిచి నోరు మూయించేదాన్ని. "అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?" లాంటి మాటలు కూడా అన్నాను. మా సీనియర్లు అనేవాళ్ళు, నేనూ నేర్చుకున్నాను. గట్టిగా ఉంటేనే పని జరుగుతుందని నమ్మేదాన్ని. కాన్పు క్షేమంగా జరిగాక వాళ్ళే రొయ్యలు తెచ్చి పెట్టి "మీరు తిట్టబట్టే బిడ్డ బయటపడింది మేడం" అంటుంటే, నా తిట్లకు కూడా హస్తవాసి ఉందనుకున్నాను.

హస్తవాసి మాట ఊరికే అనలేదు. మా వైపు ఆ కుటుంబాల్లో బిడ్డ పుట్టగానే తల్లిపాల కంటే ముందు నాలుక మీద పంచదార నీళ్ళు వేసే ఆచారం ఉంది. ఎవరి చేతి మీదుగా తొలి చుక్క పడితే బిడ్డకు వాళ్ళ గుణం వస్తుందంటారు. నేను వచ్చిన కొన్నేళ్ళకు ఒక్కొక్కరే "సిస్టరమ్మా, నువ్వే పొయ్యి" అనడం మొదలుపెట్టారు. మొదట వద్దన్నాను. తర్వాత సరేనన్నాను. ఆ తర్వాత ఎవరైనా అడగకపోతే మనసులో చివుక్కుమనేది. కాన్పుల గది గోడ మీద 'తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా పట్టకూడదు' అన్న పోస్టరు ఉండేది. అతికించింది నేనే. దాని కిందే నిలబడి పంచదార నీళ్ళు పోసిందీ నేనే. మనిషిని మునగ చెట్టెక్కించడం తేలిక. ఎక్కినవాళ్ళకు తాము ఎక్కామని కూడా తెలియదు.

ఆ రోజు పొద్దున వచ్చిన పిల్లకు అది తొలి కాన్పు. తల్లి లేదు. పుట్టింటివాళ్ళెవరూ పట్టించుకోకపోతే అత్తే అన్నీ చూసుకుంది. అత్తకు నా వయసే ఉంటుంది. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మే మనిషి. కొడుకు వేటకు పోయాడు. కోడలి కడుపు నెలలకు మించి పెద్దగా ఉంది. ఉమ్మనీరు పోయినప్పుడు బల్ల, నేల, నా చెప్పులు అన్నీ తడిసిపోయాయి. ఆయా బకెట్టు తెచ్చి తుడుస్తూ "ఇదేం నీళ్ళమ్మా, కాలవ తెగినట్టు" అంది.

ఉమ్మనీరు అంత ఎక్కువగా ఉంటే కడుపులో బిడ్డ మింగలేకపోతోందేమోనని అనుమానించాలి. ఇది నాకు తెలియక కాదు, ట్రైనింగులో చెప్పారు. కొందరు బిడ్డలకు పుట్టుకతోనే అన్నవాహిక సగంలో మూసుకుపోయి ఉంటుంది. కింది ముక్క చాలామందిలో ఊపిరి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. ఆ బిడ్డ నోట్లో తుడిచేకొద్దీ నురగ వస్తూనే ఉంటుంది. అలాంటప్పుడు నోట్లోంచి సన్నటి గొట్టం పొట్టలోకి వేసి చూడాలి. సగంలో ఆగిపోతే ఇక నోటికి ఏదీ పట్టకూడదు, తల ఎత్తి పెట్టి, నురగ లాగేస్తూ, పిల్లల సర్జను దగ్గరికి పరుగెత్తాలి. చెప్పడానికి ఇంతే. చేయడానికీ ఇంతే.

ఆడబిడ్డ పుట్టింది. బాగా ఏడ్చింది. నోట్లో నురగ వచ్చింది, గాజుగుడ్డతో తుడిచాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ తుడిచాను. గొట్టం నా చేతికి అందేంత దూరంలో ట్రేలోనే ఉంది. ఈలోపు అత్త గుడ్డలో చుట్టి తెచ్చుకున్న చిన్న గిన్నె తీసింది.

"సిస్టరమ్మా, తొలి చుక్క నీ చేత్తోనే పడాల. నా మనవరాలు నీ మాదిరి ధైర్యంగా బతకాల."

ఇంకేం కావాలి నాకు? చెంచాతో పోశాను. బిడ్డ దగ్గింది. తొందరగా పోశానేమో అనుకుని, తుడిచి, ఈసారి నిదానంగా మరో చెంచా పోశాను. ఆ రెండో చెంచాను మాత్రం నేను ఇప్పటికీ క్షమించుకోలేను. మొదటిది పొరపాటని ఎవరికైనా చెప్పుకోవచ్చు. దగ్గే బిడ్డ నోట్లో మళ్ళీ పోయడం పొరపాటు కాదు, పొగరు. నా చేయి తప్పు చేయదన్న పొగరు.

బిడ్డ పెదాలు నీలమయ్యాయి. తలకిందులు చేశాను, నోట్లోది పీల్చేశాను, ఆక్సిజన్ పెట్టాను. కాస్త రంగు తేలాక అప్పుడు గొట్టం వేశాను. సగంలో ఆగిపోయింది. తిప్పి చూశాను, దిగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నాకు ఆ గొట్టం చెప్పింది.

డాక్టరుగారు ఫోనులోనే అంబులెన్సు మాట్లాడారు. తల్లిని కదిలించే స్థితి లేదు. అత్త బిడ్డతో బయలుదేరింది. నేనూ ఎక్కాను. నర్సులు మామూలుగా వెళ్ళరు కదా, అందుకని మా ఆయా నా వంక మెచ్చుకోలుగా చూసింది. ఆ చూపు కూడా నాకు గుచ్చుకుంది. దారి పొడుగునా బిడ్డ తల ఎత్తి పట్టుకుని నురగ లాగుతూనే ఉన్నాను. మనుబోలు దగ్గర మళ్ళీ నీలం తిరిగింది. డ్రైవరు లారీల మధ్యలోంచి బండి పక్కకు తీసి ఆపాడు. నేను గొట్టంతో లాగుతుంటే బయటికి వచ్చిన నీళ్ళు జిగటగా, తియ్యటి వాసనతో ఉన్నాయి. అత్త ఆ వాసన పసిగట్టింది. గంగమ్మకు మొక్కుకుంటున్నది ఆగి నా ముఖం చూసింది.

నెల్లూరు పెద్దాసుపత్రిలో పిల్లల సర్జను పొడుగాటి మనిషి, మెత్తగా నవ్వే రకం కాదు. బిడ్డను చూస్తూనే అడిగాడు.

"నోటికి ఏమైనా పట్టారా?"

నేను నోరు తెరిచాను. తెరిచాననే అనుకుంటున్నాను. మాట మాత్రం అత్త నోట్లోంచి వచ్చింది.

"నేనే సామీ, పంచదార నీళ్ళు నాలిక్కి రాసినా. ఒక్క చుక్క."

ఆయన ఆమెను అందరి ముందూ కడిగేశాడు. "నీకు బుద్ధుందా? మీ ఆచారాలు తగలెయ్య! బిడ్డను చంపడానికి పోసినావా? చదువు లేకపోతే చెప్పేది వినే జ్ఞానమన్నా ఉండాల!" ఆమె గోడకు ఆనుకుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను దొంగకు తేలు కుట్టినట్టు ఉన్నాను. యూనిఫాం మీద పడ్డ మరకను గోటితో గీకుతూ నిలబడ్డాను. ఆమె తప్పు తన మీద ఎందుకు వేసుకుందో నాకు ఆ క్షణంలోనే అర్థమైందని అనుకున్నాను. నా ఉద్యోగం పోతుందని జాలిపడిందనుకున్నాను.

ఎక్స్‌రే వచ్చింది. గొట్టం గొంతు కింద చుట్ట చుట్టుకుని ఉంది. కుడి ఊపిరితిత్తి పై భాగం తెల్లగా మబ్బు పట్టింది. సర్జను దాన్ని వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఒక్క చుక్కకు ఇంత ఉండదే. పొట్టలోని ఆమ్లం కింది గొట్టం గుండా ఊపిరితిత్తిలోకి ఎగదన్నుతున్నట్టుంది. అదే అయితే ఆగకూడదు, ఇప్పుడే ఆపరేషనుకు తీసుకోవాలి" అని థియేటరు సిద్ధం చేయమన్నాడు.

అంటే మబ్బు ఎందువల్ల పట్టిందన్న దాన్ని బట్టి కత్తి ఎప్పుడు పెట్టాలో తేలుతుంది. నీళ్ళు పోయి పట్టిన మబ్బయితే ముందు ఊపిరితిత్తిని శుభ్రం చేసి, కాస్త తేరుకోనిచ్చి కోయాలి. తడిసిన ఊపిరితిత్తితో ఆ పసిగుడ్డుకు మత్తిస్తే తట్టుకుంటుందో లేదో. ఇక నాకు నోరు మూసుకునే దారి లేకపోయింది. ధైర్యం వచ్చి చెప్పలేదని గమనించండి. దారి మూసుకుపోయి చెప్పాను.

"సార్, ఆమె కాదు. నేను పోశాను. రెండు చెంచాలు."

నాకు కూడా అదే కడుగుడు పడుతుందని తల వంచుకున్నాను. ఆయన ఎక్స్‌రే కింద పెట్టి, కుర్చీ నా వైపు జరిపాడు.

"కూర్చోండి సిస్టర్. మీ సెంటర్లలో పని ఒత్తిడి నాకు తెలుసు. రెండూ ఎంతసేపట్లో పోశారు? మొదటిదానికి దగ్గిందా?"

చెప్పాను. థియేటరు ఆపి, ఊపిరితిత్తి శుభ్రం చేయడం మొదలుపెట్టించాడు. నేను కూర్చునే ఉన్నాను. అత్త గోడ దగ్గరే నిలబడి ఉంది. ఆమెను కూర్చోమని ఆయన అనలేదు, నేనూ అనలేదు. ఒకే తప్పుకు చేపలమ్మే మనిషికి తిట్లు, తెల్లచీర మనిషికి కుర్చీ. నన్ను కూడా తిట్టి ఉంటే కొంత తేలికయ్యేదాన్ని.

మర్నాడు ఆపరేషను చేశారు. కుడి వైపు పక్కటెముకల మధ్య కోసి, ఊపిరి గొట్టానికి అతుక్కున్న ముక్కను విడదీసి, పై ముక్కకు కలిపి కుట్టారు. సేమియా పుల్లంత సన్నటి గొట్టాలను కుట్టడమంటే మాటలు కాదు. మధ్యలో ఒక కుట్టు కారింది. బిడ్డ చాలాకాలం గొట్టం పాల మీదే ఉంది. పోతుందనుకున్న రోజులున్నాయి. బతికింది. ఆ సర్జను చేతులకు నేను మనసులో ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో. మా డాక్టరుగారు నన్ను గదిలోకి పిలిచి "ఇక మీదట అలా చేయకండి మేడం" అన్నారు, అంతే. ఆయన నాకంటే ఎక్కువ ఇబ్బంది పడ్డారు.

కథ ఇక్కడ ముగిస్తే నేను చివరికి నిజం చెప్పిన మనిషిగా మిగులుతాను. నా పక్కన కూర్చుని టీ తాగేవాళ్ళకు చాలాకాలం అలాగే చెప్పాను కూడా.

బిడ్డ ఇంటికొచ్చాక ఆయా చెప్పింది. "ఆ పిల్ల అత్తతో మాట్లాడడం లేదంట మేడం. బిడ్డను ముట్టనియ్యదంట. ఊళ్ళో కూడా ముసలామె చెయ్యి మంచిది కాదని, ఎవురింట్లో బిడ్డ పుట్టినా ఆమెను గడప తొక్కనియ్యడం లేదంట."

ఆసుపత్రిలో ఆమె చెప్పిన అబద్ధం ఆమెకంటే ముందు ఊరు చేరింది. నేను చెప్పిన నిజం నెల్లూరులోనే ఆగిపోయింది. నేను వెళ్ళి చెప్పాలి. రేపు వెళదామనుకున్నాను. తుపాను వచ్చింది, తర్వాత పోలియో చుక్కల పని, తర్వాత తనిఖీ అన్నారు. వెళ్ళకూడదనుకునేవాళ్ళకు గవర్నమెంటు ఉద్యోగంలో పనికి కొదవేముంది? చివరికి బిడ్డ కూర్చునే వయసు వచ్చాక, ఒక మధ్యాహ్నం ఆటో మాట్లాడుకుని పోయాను.

ఊరి మొదట్లో ఆడవాళ్ళు టార్పాలిన్ పట్టాల మీద చిన్న చేపలు ఆరబోస్తున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. అక్కడే చెప్పేశాను, పోసింది ఆమె కాదు నేనని. ఒక్కరి ముఖం కూడా మారలేదు. "పోనీలే సిస్టరమ్మా, నువ్వేం కావాలని చేసినావా" అన్నారు. అంత తేలిగ్గా క్షమించేస్తే ఏం చేయాలో తోచక ముందుకు నడిచాను.

అత్త ఇంటి పక్క చూరు కింద ఒక్కతే కూర్చుని వల చిక్కు తీస్తోంది. కోడలు గుమ్మంలో బిడ్డను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని జావ పట్టిస్తోంది. ఒక్కో చెంచా దిగేదాకా ఆగి మరొకటి. బిడ్డ కంచు మోగినట్టు దగ్గుతోంది. ఈ ఆపరేషను అయిన బిడ్డలకు ఆ దగ్గు కొన్నేళ్ళు ఉంటుంది.

నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. "మీ అత్త తప్పేం లేదమ్మా. పోసింది నేను. నా ఉద్యోగం పోతాదని ఆమె మీద వేసుకునింది. ఆమెను దూరం పెట్టబాక."

"తెలుసు మేడం" అంది ఆ పిల్ల, చెంచా ఆపకుండా. "బల్ల మీద ఉన్నింది నేనే గదా. చూస్తానే ఉన్నా."

"తెలిసీ మీ అత్తను ఎందుకు...?"

"మిమ్మల్ని అడిగింది ఆమే గదా. మా ఇళ్ళల్లో తొలి చుక్క నాయనమ్మే పోయాల. ఆమె ఎంత ఆశ పెట్టుకోనుందో నాకు తెలుసు. అయినా గిన్నె మీ చేతికిచ్చింది. మీ చేత పోయిస్తే మీకు సంతోషంగా ఉంటాది, నన్ను తిట్టకుండా బాగా చూస్తారని. ఊళ్ళో అందరూ అట్టనే గదా ఇచ్చేది."

"అందరూనా?"

ఆ పిల్ల మొదటిసారి తలెత్తి నన్ను చూసింది. ఎగతాళి లేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. "మీకు తెలీదా మేడం?"

తెలియదు. అన్నేళ్ళుగా నాకు తెలియదు. ఎంతమంది నాయనమ్మల చేతుల్లోంచి గిన్నె లాక్కున్నానో లెక్క కూడా లేదు.

"నా మీద కోపం రాలేదా నీకు?" అని అడిగాను.

"మీ మీద కోపం పెట్టుకుంటే ఇంకో కాన్పుకు యాడికి పోవాల మేడం? అత్తంటే మా మనిషి. ఏమన్నా పడతాది."

నేను చూరు కిందికి వెళ్ళాను. ఆమె వల పక్కన పడేసి, చెంగు భుజం మీదికి లాక్కుంటూ గబగబా లేచింది. చేతులు పట్టుకుని తప్పయిపోయిందక్కా అని చెప్పాలనుకున్నాను. ఆమె నాకా సందు ఇవ్వలేదు. కోడలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, నాకంటే ముందే నా రెండు చేతులూ పట్టుకుంది.

"అది ఏమన్నా అనిందా సిస్టరమ్మా? చిన్నపిల్ల, దానికి తెలీదు. దాని తరపున నేను తప్పు ఒప్పుకుంటా ఉండా. మనసులో పెట్టుకోబాక తల్లీ."

క్షమాపణ చెప్పడానికి వెళ్ళినదాన్ని, చెప్పించుకుని ఆటో ఎక్కాను.